గోడ డబ్బాలో సబ్బు ఉన్న నేరానికి

మనిషి చేతులు కడుక్కోవడానికి నీళ్ళు, సబ్బు, రెండు చేతులు ఉంటే చాలునని మన పూర్వులు పొరబడ్డారు. నాలుగోది కూడా ఒకటి కావాలి. దాన్ని ఫిర్యాదు సంఖ్య అంటారు. మొదటి మూడూ లేకపోయినా ఎలాగో నెట్టుకు రావచ్చు గానీ, ఈ నాలుగోది లేనివాడు ఎంత తోముకున్నా శుభ్రపడినట్టు లెక్కలోకి రాడు.

ఈ సత్యం అందరికంటే ముందు రికార్డులమ్మకు బోధపడింది. ఆమెకు అసలు పేరు ఉంది, హాజరు పట్టీలో భద్రంగా ఉంది. ఇరవై రెండేళ్ళుగా కేంద్ర కార్యాలయం నేలమాళిగలో పాత ఫైళ్ళకు కాపలా ఉంటున్నందువల్ల పైన నాలుగంతస్తుల వాళ్ళూ ఆమెను రికార్డులమ్మ అనే పిలుస్తారు. (ఆ కార్యాలయం ఏం పని చేస్తుందో ఈ కథకు అక్కర్లేదు. కార్యాలయానికే అంత పట్టింపు లేదు.) పాత ఫైలు ముట్టుకుంటే చేతికి అంటేది మామూలు దుమ్ము కాదు. ముప్పై ఏళ్ళ సిరా, కార్బన్ కాగితాల మసి, తుప్పు పట్టిన గుండుసూదులు, బొద్దింకల సంసారం అన్నీ కలిసిన నల్లటి జిడ్డు అది. ఉత్త నీళ్ళకు లొంగదు. ఆమె మధ్యాహ్నం చెంచాతో భోంచేసేది, సాయంత్రానికి చెంచా కాడ కూడా నల్లబడేది.

నేలమాళిగలో చేతులు కడుక్కునే చోట గోడకు ఒక సబ్బు డబ్బా బిగించి ఉంది. నొక్కితే చేతిలో ద్రవ సబ్బు పడాలి. పడేది గాలి. ఆ గాలి కూడా మొదట్లో కాస్త నిమ్మ వాసనతో వచ్చేది, తర్వాత అదీ మానేసింది.

ఇలాంటి ఇబ్బందులు తీర్చడానికే కార్యాలయం వారు ‘మన సౌకర్యం’ అనే యాప్ పెట్టారు. రికార్డులమ్మ అందులో ‘సబ్బు లేదు’ అని రెండు మాటలు రాసింది. వెంటనే పదిహేడు అంకెల ఫిర్యాదు సంఖ్య వచ్చింది. ఆ ఫిర్యాదు ఏడు నెలలు ‘పరిశీలనలో ఉంది’ అన్న దశలో ఉంది. ఎనిమిదో నెలలో పదోన్నతి పొంది ‘లోతైన పరిశీలనలో ఉంది’ అన్న దశకు చేరింది. ఆమె సర్వీసులో ఎన్నడూ అంత త్వరగా పదోన్నతి రాలేదు కాబట్టి కొంచెం అసూయ కూడా పడింది.

పదకొండో నెలలో అసలు కథ మొదలైంది. శాఖా కార్యాలయంలో ఒక ఖాళీ వచ్చింది.

శాఖా కార్యాలయమంటే ఎక్కడో కాదు. రికార్డులమ్మ వంటింటి కిటికీ తెరిస్తే దాని నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. పొయ్యి మీద పాలు పెట్టి, అక్కడికి నడిచివెళ్ళి సంతకం చేసి, పాలు పొంగేలోపు తిరిగి రావచ్చునని ఆమె మనసులో ఎన్నోసార్లు కొలుచుకుంది. ఇరవై రెండేళ్ళుగా ఆమె మాత్రం ఆ గేటు ముందే నిలబడి, రెండు బస్సులు మారి, ఊరి రెండో చివర ఉన్న కేంద్ర కార్యాలయానికి వెళ్తోంది. సాయంత్రం మళ్ళీ రెండు బస్సులు. మోకాళ్ళు ఈ మధ్య ఫుట్‌బోర్డు చూస్తేనే మూలుగుతున్నాయి. ఆ బదిలీ వస్తే చాలు, జీవితంలో ఇంకేమీ అడగనని ఆమె నిజంగానే అనుకుంది.

బదిలీ దరఖాస్తు నింపి సూపరింటెండెంటు దగ్గరకు తీసుకెళ్ళింది. సూపరింటెండెంటు నెమ్మదస్తుడు. ఎవరికీ అపకారం చేయడు, ఆ జాగ్రత్తలో ఉపకారం కూడా జరగకుండా చూసుకుంటాడు.

“తొమ్మిదో గడి చూశారామ్మా?” అన్నాడాయన. “దరఖాస్తుదారు పేరు మీద ఏ ఫిర్యాదూ పెండింగులో ఉండకూడదు. మీ పేరు మీద ఒకటి ఉంది.”

“అది నా మీద వచ్చింది కాదు సార్. సబ్బు లేదని నేను పెట్టింది.”

“ఎవరు పెడితేనేం? పేరు మీదే కదా. కంప్యూటరుకు మీద, కింద తెలీదమ్మా. పేరుందా లేదా, అంతే.”

“మరెలా సార్?”

“సబ్బు వస్తే ఫిర్యాదు మూసేస్తారు. మూసేస్తే మీరు వెళ్ళొచ్చు. ఆఖరు తేదీ ముప్పై,” అని ఆయన గోడ మీది క్యాలెండరు చూసి నిట్టూర్చాడు. ఆ రోజు పంతొమ్మిది.

ఆ సాయంత్రం రెండో బస్సులో కిటికీ పక్కన కూర్చున్న రికార్డులమ్మకు ఒక ఆలోచన వచ్చింది. ఆలోచనలు రావడానికి కార్యాలయంలో ప్రత్యేక విభాగం ఉందన్న సంగతి ఆ క్షణంలో ఆమెకు గుర్తు రాలేదు. గోడ డబ్బా తనే నింపేస్తే సరి. సబ్బు కొని పోద్దామా అంటే, బయట కొన్న వస్తువు కార్యాలయం గేటు దాటాలంటే ముందస్తు అనుమతి కావాలి. ఇంట్లో చేసిన వస్తువు గురించి నిబంధనల్లో ఎక్కడా లేదు. ఆ నిబంధనల పుస్తకానికి కాపలా ఆమెదే, ఆమెకు తెలియదా!

ఇంట్లో అత్తగారు కూరగాయలు తరుగుతోంది.

“అత్తయ్యా, ఆ సబ్బు ముక్కల డబ్బా ఓసారి ఇస్తారా?”

“ఎందుకూ?”

“ఆఫీసుకి.”

“అంత పెద్ద ఆఫీసులో సబ్బుకు కూడా గతి లేదూ?”

“గతి ఉంది అత్తయ్యా. లోతైన పరిశీలనలో ఉంది.”

ఈ డబ్బా గురించి చెప్పాలి. లోకంలో సబ్బు అరిగి రేకులా అయితే దాన్ని కొత్త సబ్బు వీపున అతికిస్తారు. ఈ ఇంట్లో అలా కుదరదు. అతికించిన ముక్క మూడో రోజుకు ఊడి తూములో పడుతుందని, అది ఇంటికి అరిష్టం కాకపోయినా తూముకు అరిష్టమని అత్తగారి సిద్ధాంతం. అందుకే ఆవిడ తొమ్మిదేళ్ళుగా ప్రతి ముక్కనూ ఆరబెట్టి పాత బిస్కెట్ల డబ్బాలో దాస్తోంది. ఎందుకని ఎవరడిగినా “ఎప్పటికైనా పనికొస్తాయి” అనేది. ఆ ‘ఎప్పటికైనా’ ఎట్టకేలకు వచ్చినందుకు ఆవిడ మొహం వెలిగిపోయింది గానీ, కోడలి ముందు బయటపడలేదు.

పచ్చవి, గులాబీవి, తెల్లవి, మందు వాసన కొట్టే ఎర్రవి, తలా కొన్ని తీసి అత్తాకోడళ్ళు తురిమారు. గ్లాసు తురుముకు పది గ్లాసుల నీళ్ళు. సన్నని సెగ మీద తురుమంతా కరిగేదాకా తిప్పి, నురగ పొంగకుండా దించేసి, రెండు చెంచాల గ్లిజరిన్ వేశారు. తర్వాత చేయాల్సిన పని ఒకటే, ఏమీ చేయకపోవడం. వేడి మీద ఇది నీళ్ళలాగే ఉంటుంది, పూర్తిగా చల్లారితే గానీ చిక్కబడదు. పల్చగా ఉందని కంగారుపడి ఇంకాస్త తురుము వేశారా, తెల్లారేసరికి గడ్డే. తెల్లారి చూస్తే గిన్నెలో చిక్కటి, జారే, చక్కటి హ్యాండ్‌వాష్ ఉంది. రంగు మాత్రం ఏ కంపెనీ వాడూ సీసా మీద రాయడానికి సాహసించనిది. మసక బూడిదకూ పాత పసుపుకూ మధ్య ఎక్కడో ఉంది.

రికార్డులమ్మ దాన్ని సీసాలో పోసి తీసుకెళ్ళి గోడ డబ్బా నింపింది. నొక్కింది. చేతిలో పడింది. నీళ్ళ కింద రుద్దుకుంటే నురగ నల్లగా వచ్చి, బూడిద రంగుకు తిరిగి, ఆఖరికి తెల్లబడింది. పదకొండు నెలల తర్వాత తన అరచేతిలో గీతలు చూసుకున్న ఆవిడకు కళ్ళు చెమర్చాయి. మధ్యాహ్నానికి వార్త పైకి పాకింది. నాలుగో అంతస్తు వాళ్ళు కూడా ఏదో ఫైలు వెతుకుతున్నట్టు నటిస్తూ కిందికి దిగి చేతులు కడుక్కుని వెళ్ళారు.

యాప్ తెరిచి ‘ఫిర్యాదు ముగించు’ అన్న మీట నొక్కింది. ‘ఫిర్యాదును ముగించే అధికారం సదుపాయాల పరిశీలకునికి మాత్రమే కలదు. వారు త్వరలో విచ్చేయుదురు’ అని వచ్చింది. త్వరలో అనేసరికి ఆమె ఆశ వదులుకుంది. కానీ పదకొండు నెలలుగా రాని పరిశీలకుడు మర్నాడే వచ్చాడు. ఇన్నాళ్ళూ ఆయన దేనికోసం ఎదురుచూశాడో ఇప్పుడు మనకు తెలుస్తోంది. ఆయన సబ్బు కోసం ఎదురుచూశాడు.

సన్నగా, మర్యాదగా ఉన్న మనిషి. డబ్బా నొక్కాడు. సబ్బు పడింది. మొహం చిన్నబోయింది.

“ఉంది కదమ్మా!”

“నేనే ఇంట్లో చేసి పోశానండీ. మొన్నటిదాకా లేదు.”

“మొన్న నేను రాలేదు కదా. నేను వచ్చినప్పుడు ఉందా లేదా అన్నదే నా పని.” ఆయన ఫోను ఆమె ముందు పెట్టాడు. తెరమీద రెండే గడులున్నాయి. ఒకటి: ‘సబ్బు లేదు, ఫిర్యాదు నిజము.’ రెండు: ‘సబ్బు ఉన్నది, ఫిర్యాదు అబద్ధము.’

“లేదని పెడితే నేను అబద్ధమాడినట్టు. ఉందని పెడితే మీరు ఆడినట్టు. మీరే చెప్పండి, ఏది నొక్కమంటారు?”

ఆమెకు ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. “ఒలకబోసేయనా?” అంది గొంతు తగ్గించి.

“అయ్యో, డబ్బాలో పడ్డ క్షణం నుంచి అది కార్యాలయం ఆస్తేనమ్మా. ఒలకబోస్తే అదో కేసు.” ఆయన బాధగానే రెండో గడి నొక్కాడు. రికార్డులమ్మ పేరు మీద ఇప్పుడు రెండు ఫిర్యాదులు చేరాయి. ఒకటి ఆమె పెట్టింది, ఇంకొకటి ఆమె పెట్టినందుకు వచ్చింది. వెళ్ళేముందు ఆయన మూడుసార్లు చేతులు కడుక్కుని, వాసన చూసుకుని, “బాగుందండీ. మా ఆఫీసులోనూ లేదు,” అన్నాడు.

ఆ సబ్బు తాను ఇంట్లో చేసిందేనని రుజువు చేస్తే మొదటి ఫిర్యాదు నిజమవుతుంది, రెండోది రద్దవుతుంది, అప్పుడు రెండూ మూసేయవచ్చు. ఈ దారి సూపరింటెండెంటే వెతికి పెట్టాడు. అందుకోసం ‘గృహ ద్రవ సబ్బు నిర్ధారణ ద్విసభ్య సంఘం’ ఏర్పడింది. ఆయన అధ్యక్షుడు, పరిశీలకుడు సభ్యుడు. ఇరవై ఆరో తేదీ ఉదయం సంఘం రికార్డులమ్మ వంటింట్లో, ఉల్లిపాయల బుట్టకూ గ్యాస్ బండకూ మధ్య రెండు పీటల మీద సమావేశమైంది.

మొదటి ప్రశ్న ముడిసరుకు గురించి. అత్తగారు బిస్కెట్ల డబ్బా తెచ్చి మధ్యలో పెట్టింది.

“ఈ సబ్బులతో స్నానం చేసినవారి వివరాలు కావాలమ్మా,” అన్నాడు సూపరింటెండెంటు, పెన్ను తీసి.

“ఏ ముక్కకు ఆ ముక్క చెప్పాలా?”

“చెబితే మంచిది.”

“ఈ పచ్చది మా అబ్బాయిది. వాడు సబ్బు రుద్దుకోడు, నీళ్ళలో నానబెట్టి వదిలేస్తాడు. ఈ ఎర్రది నాది, ఒళ్ళంతా పేలిందని డాక్టరు రాశాడు. ఈ తెల్లది మా వియ్యపురాలు వచ్చినప్పుడు తెచ్చుకుంది. మా సబ్బు ఆవిడకు పడదట. మర్చిపోయి వెళ్ళింది.”

రికార్డులమ్మ పొయ్యి వైపు తిరిగింది. (వియ్యపురాలంటే ఆమె తల్లే.)

“అయితే ఆవిడ నిరభ్యంతర పత్రం కావాలి,” అన్నాడు సూపరింటెండెంటు.

“ఆవిడ నిరభ్యంతరంగా ఏదీ ఇవ్వదు నాయనా. మా ఇంట్లో కాఫీ తాగినా ఏదో ఒక అభ్యంతరం చెప్పే తాగుతుంది.”

తెల్ల ముక్కను వివాదాస్పదంగా ప్రకటించి పక్కన పెట్టారు. మిగతావి తురిమి, నీళ్ళు పోసి, కరిగించి దించారు. సూపరింటెండెంటు గిన్నెలోకి తొంగి చూశాడు. గరిటెతో ఎత్తి పోశాడు. బొళబొళా పడింది.

“ఇవి నీళ్ళేనమ్మా.”

“చల్లారాలి సార్. తెల్లారేసరికి చిక్కబడుతుంది.”

“తెల్లారేదాకా ఆగితే ఇవాళ్టి నివేదిక ఇవాళ ఎలా రాస్తాను? ఇంకో రెండు గుప్పెళ్ళు వేయండి.”

“వద్దు సార్, గడ్డకట్టేస్తుంది.”

“రాతపూర్వకంగా ఆదేశించమంటారా?”

ఆదేశించాడు. తెల్ల కాగితం మీద, సంతకంతో, తేదీతో. ఇరవై రెండేళ్ళ సర్వీసులో రాతపూర్వక ఆదేశాన్ని కాదన్న చరిత్ర ఆమెకు లేదు. రెండు గుప్పెళ్ళూ వేసింది. అత్తగారు నెత్తి కొట్టుకుంటూ అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు సంఘం వచ్చి చూసేసరికి గరిటె గిన్నెలో నిటారుగా నిలబడి ఉంది. దాన్ని పట్టి లాగితే గిన్నె కూడా లేచి వచ్చింది. సూపరింటెండెంటు పెన్ను తీసి ఇలా రాశాడు: ‘ద్రవ సబ్బు అని చెప్పబడినది ద్రవము కాదు. ఈమె చేసినది ఘనము. గోడ డబ్బాలోనిది ద్రవము. కావున గోడ డబ్బాలోనిది ఈమె చేసినది కాజాలదు.’

రికార్డులమ్మకు ఏడుపొచ్చింది. అది దుఃఖంతో కాదు, కోపంతో వచ్చిన ఏడుపు. వద్దన్నది తను, వేయమన్నది ఆయన, గడ్డకట్టినందుకు శిక్ష మాత్రం తనకి. కిటికీలోంచి శాఖా కార్యాలయం ట్యాంకు ఎప్పటిలాగే కనిపిస్తోంది. ఆఖరు తేదీకి ఇంకా మూడు రోజులున్నాయి. ఆ ట్యాంకు వైపు ఇంక చూడకూడదని ఆమె కిటికీ రెక్క మూసేసింది.

అత్తగారు కూరల కత్తి పట్టుకుని వచ్చింది. సూపరింటెండెంటు పీట మీంచి లేచాడు. ఆవిడ ఆయన వైపు చూడనైనా చూడకుండా గడ్డను ముక్కలుగా కోసి, వేణ్ణీళ్ళు పోసి, కవ్వం పెట్టి చిలకడం మొదలుపెట్టింది.

“గట్టిపడితే నీళ్ళు పోస్తారు, పల్చబడితే ఆగుతారు. ఇంతోటిదానికి సంఘమెందుకు నాయనా? మీ ఇంట్లో ఆడవాళ్ళెవరూ లేరా?”

కాసేపటికి గిన్నెలో గోడ డబ్బాలో ఉన్నదే తయారైంది. అదే జారుడు, అదే చెప్పుకోలేని రంగు. పరిశీలకుడు సింకు దగ్గర చేతులు కడుక్కుని, జేబులోంచి చిన్న సీసా తీసి, అందులోని గోడ డబ్బా నమూనాతో పోల్చి చూశాడు. “ఈ రంగు ఇంకెక్కడా పుట్టదండీ,” అని ధైర్యంగా సాక్ష్యం రాశాడు. ఇరవై తొమ్మిదో తేదీ సాయంత్రం రెండు ఫిర్యాదులూ మూతపడ్డాయి. ‘సంస్థ సత్వర చర్యతో సబ్బు సమకూర్చబడినది’ అని రాశారు. మీకు అందిన సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని యాప్ ఆమెను అడిగింది. అయిదు ఇస్తే గానీ తర్వాతి పేజీ తెరుచుకోలేదు. ముప్పయ్యో తేదీ ఉదయం తొమ్మిదో గడిలో సున్నా వేసి ఆమె దరఖాస్తు ఇచ్చింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

పది రోజులకు ఆదేశం వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ ఇవ్వడం చరిత్రకు సేవ:

‘ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, దరఖాస్తుదారు ద్రవ సబ్బు తయారీలో నైపుణ్యము కలవారని ద్విసభ్య సంఘము నిర్ధారించినది. ఇట్టి నైపుణ్యము కలవారు కేంద్ర కార్యాలయములో వేరొకరు లేరు. కావున, తత్సమాన నైపుణ్యము గల ఉద్యోగి చేరునంత వరకు వీరిని బదిలీ చేయుట వీలుపడదు. వీరి వంటగదిని తాత్కాలిక సబ్బు కేంద్రముగా గుర్తించడమైనది. ప్రతి శుక్రవారము ఉదయము కేంద్ర కార్యాలయములో సంతకము చేసి, విధి నిర్వహణపై ఇంటికి వెళ్ళి, సబ్బు తయారు చేసి, తిరిగి కార్యాలయమునకు చేర్చవలెను.’

అంటే మామూలు రోజుల్లో నాలుగు బస్సులు, శుక్రవారం ఎనిమిది. (చల్లారడానికి ఒక రాత్రి పడుతుందని విన్నవిస్తే, ఈ శుక్రవారం చేసింది వచ్చే శుక్రవారం చేర్చవచ్చునని దయతో సడలించారు.) ఉద్యోగులంతా ఇళ్ళ నుంచి అరిగిన సబ్బు ముక్కలు తెచ్చి ఇవ్వాలని సర్క్యులర్ వచ్చింది. ఒక గుమాస్తా మంచి మనసుతో కొత్త సబ్బు తెస్తే, అరగలేదన్న కారణంగా తిప్పి పంపారు. అరగదీసి తెచ్చాడు, తీసుకున్నారు. అత్తగారికి మాత్రం హోదా పెరిగింది. వచ్చిన ముక్కల్ని ఆరబెడుతూ, ఎవరు శుభ్రమైన మనుషులో ఎవరు కాదో చెప్పగల స్థాయికి చేరింది.

ఇక శాఖా కార్యాలయంలోని ఖాళీ. దాన్ని తొమ్మిదో గడిలో మచ్చలేని ఒక ఉద్యోగితో నింపారు. ఆయన జీవితంలో దేని మీదా ఫిర్యాదు పెట్టి ఎరుగడు. కేంద్ర కార్యాలయం వెనక వీధిలో ఉంటాడు. రెండు బస్సులు మారి వస్తాడు.

ఒక శుక్రవారం రికార్డులమ్మ అయిదు లీటర్ల సబ్బు డబ్బాతో బస్సు కోసం శాఖా కార్యాలయం గేటు ముందు నిలబడి ఉంది. ఆయన బయటికి వచ్చాడు.

“మేడం, అది సబ్బేనా?”

“సబ్బే.”

“అందులో మా ఆఫీసుకు కూడా ఉందటగా?”

“ఉందండీ. ఇందులో రెండు లీటర్లు మీదే. కేంద్ర కార్యాలయంలో ముద్ర పడి, వ్యానులో మీకొస్తుంది.”

“ఎప్పటికి?”

“నలభై రోజులు పట్టొచ్చు.”

“ఎలాగూ ఇక్కడే ఉన్నారు కదండీ. మాది మాకు పోసేయండి, పుణ్యముంటుంది. ఒక్కసారి చూడండి ఈ చేతులు,” అని ఆయన రెండు అరచేతులూ చాచాడు.

ఆమె చూసింది. అదే నలుపు. ముప్పై ఏళ్ళ సిరా, కార్బన్ మసి. తను పదకొండు నెలలు చూసుకున్న చేతులే. ఆమె చేయి దానంతటదే డబ్బా మూత మీదకు వెళ్ళింది. ఖాళీ గోడ డబ్బాలో సబ్బు పోస్తే ఏం జరుగుతుందో అప్పుడు గుర్తొచ్చింది.

మూత ఇంకో చుట్టు బిగించింది. బస్సు వచ్చింది. ఎక్కి, ఫుట్‌బోర్డు మీంచి వెనక్కి తిరిగి, ఎంతో మర్యాదగా అంది:

“ఫిర్యాదు పెట్టండి. పరిశీలిస్తాం.”